రంగు క్రింది తెల్లపొడి



ఈ మాసమున మా బండి కప్పునుగూర్చి వ్రాయదలచితిని. ఇంటి సంగతులు వ్రాయవలసిన పుటలో బండి గొడవ యేల యని మీలో కొందఱు నవ్వుకొందురు. కాని మాది వట్టి బండి కాదు. అందొక చిన్న పొయ్యి కలదు, అంట్లు తోముకొను తొట్టి కలదు, గిన్నెలు పెట్టుకొను అరలు కలవు, నలుగురు పరుండుటకు చోటు కలదు. ఇంగ్లండులో దీనిని కాంపర్ వాను అందురు. సెలవులు వచ్చినప్పుడు హోటళ్ళకు సొమ్ము ధారపోయక, సంసారమును చక్రములమీద నెక్కించుకొని సముద్రతీరములకు పోవుట ఈ దేశమువారికి మిక్కిలి యిష్టమైన వేడుక. మేము బ్రిస్టలు నగరమున కాపురము పెట్టి పండ్రెండేండ్లు కావచ్చినది. అయిదేండ్ల క్రిందట ఆ వేడుక మాకును పట్టుకొన్నది. కూడబెట్టిన సొమ్ములో పెద్దభాగము వెచ్చించి మావారు ఒకరు వాడి విడిచిన బండిని కొనిరి. ఆవకాయ జాడీ యెక్కడ పెట్టవలె నన్న సంగతి తప్ప ఆ కొనుగోలులో నన్నెవ్వరును సలహా యడుగలేదు.

ఈ బండి కప్పు మన భోషాణపు మూత వంటిది. వెనుకవైపున కీళ్ళుండును, ముందువైపు పైకి లేచును. లేచినప్పుడు మూతకును బండికిని నడుమ గుడారపు గుడ్డ బిగిసి గోడవలె నిలుచును. ఆ మేడమీద మా పిల్లలిద్దఱు పరుందురు. తెల్లవారి మూత దింపినచో గుడ్డ మడతలు పడి లోపల నణగును. మూత వచ్చి చుట్టునున్న రబ్బరు పట్టీమీద కూర్చుండును. ఇట్టి బండ్లు నేటివి కావు. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా కార్ఖానావారు ఫోక్స్‌వాగను బండిలో పడకయు అలమారులును అమర్చుట 1951లో నారంభించిరి. ఇంగ్లండు దక్షిణతీరమున ఫోక్‌స్టను పట్టణమందలి మార్టిన్ వాల్టరు కంపెనీవారు ఆ దశకముననే ప్రక్కకు తెఱచుకొను కప్పులకు చారల గుడ్డ కట్టి డార్మొబైలు అను పేర అమ్మిరి. ఇప్పటి కప్పులలో కొన్ని గాజునార కలిపిన ప్లాస్టికుతోను, కొన్ని ఉక్కు రేకుతోను, కొన్ని అల్యూమినియపు రేకుతోను చేయబడినవి. మాది అల్యూమినియము. అదే కొలతగల ఉక్కు రేకుతో పోల్చినచో దాని బరువు ఇంచుమించు మూడవవంతే గనుక లేపుటకు దింపుటకు సుళువు. “ఇది తుప్పుపట్టదు” అని అమ్మినవాడు పదేపదే చెప్పెను. ఆ మాట అబద్ధము కాదు. అట్లని నిజమును కాదు.

కొన్న తరువాత మూడవ వసంతమున నొక యాదివారము నేను ముక్కాలిపీట యెక్కి బండి తుడుచుచుంటిని. కప్పు ముందంచున, రబ్బరు పట్టీకి అంగుళము పైగా, రంగు ఆవగింజలంతేసి పొక్కులై లేచియున్నది. చేతితో తడిమితిని. ఆటలమ్మ పోసిన పిల్లవాని వీపు తడిమినట్లుండెను. మావారిని పిలిచి చూపగా “పక్షిరెట్ట యెండినది లే” యని లోపలికి పోయిరి. వేసవి వచ్చునప్పటికి ఆవగింజలు పెసరగింజలైనవి. అప్పుడు మావారికి నమ్మిక కలిగి, చిన్న కత్తితో పొక్కులను గీకి, అంగడినుండి బుడ్డిలో తెచ్చిన అదే వన్నె రంగును కుంచెతో నద్దిరి. నాలుగడుగుల దూరమునుండి చూచిన మచ్చయే కానరాలేదు. మేము మురిసితిమి. ఎనిమిది నెలలు గడువకముందే, చలికాలము చివర, పెసరగింజలున్న చోట చిక్కుడుగింజలు మొలచినవి. పైగా ఒక పొక్కునుండి సన్నని గీతలు, మెత్తని మన్నులో వానపాము పోయిన దారివలె, మెలికలు తిరుగుచు రంగు క్రింద సాగియున్నవి.

ఊరి వెలుపల బండ్లకును చిన్న పడవలకును రేకుపని చేయు ముసలి పనివాడొక డున్నాడు. అతనియొద్దకు బండిని తోలుకొని పోతిమి. అతడు పలుచని ప్లాస్టికు బద్దతో ఒక పొక్కును ఎత్తెను. రంగు పొలుసువలె ఊడివచ్చెను. దాని క్రింద విభూతివంటి తెల్లని పొడి. పొడి క్రింద రేకులో సూదిమొన దిగినట్లు గుంటలు. మావారు తెల్లబోయిరి. నేను తెల్లబోలేదు. ఆ పొడిని నేనెఱుగుదును.

నాకు పదునాఱేండ్ల వయస్సున తెనాలిలో మా పెదనాన్నగారి యింట పెండ్లి జరిగెను. ఆ సందడిలో చింతపండు పులుసును సత్తుగిన్నెలో రాత్రియంతయు విడిచిపెట్టితిని. “పులుపు, ఉప్పు ఉన్నదేదియు సత్తులో నిలువ యుంచరాదు” అని మా అమ్మ పలుమార్లు చెప్పియే యుండెను. తెల్లవారి చూడగా గిన్నె లోపల నల్లబడి, అడుగున చిన్న చిన్న గుంటలు పడియున్నవి. గుంటల చుట్టు ఈ తెల్లపొడియే. కొన్ని నెలలకు గిన్నె కారుట మొదలిడెను. మాటు వేయువాడు చూచి “సత్తుకు మాటు నిలువదమ్మా” యని త్రిప్పియిచ్చెను. ఆ గిన్నెతో మా అమ్మ తులసికోటకు నీళ్ళు పోసెడిది. కారుచున్నను ఫరవాలేదు గదా!

ఇనుమునకు పట్టినదానిని తుప్పందుము. రాగికి, ఇత్తడికి పట్టినదానిని చిలుమందుము. సత్తుకు పట్టు నీ తెల్లపొడికి మన ఇండ్లలో వేఱు పేరు లేదు. పేరు లేని జబ్బును గుర్తింపక పోవుట సహజమే. సత్తు మన వంటింటికి వచ్చి ఎంతో కాలము కాలేదు గూడ. మదరాసు చిత్రకళాశాలలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టను అను నాయన 1898లో అల్యూమినియపు పాత్రలు చేయించుట నారంభించెను. అంతకుముందు మన పెద్దలకు ఈ లోహముతో పనియే లేదు.

అల్యూమినియము గాలి తగిలిన క్షణముననే తనపై తాను ఒక పొర కప్పుకొనును. ఆ పొర మందము వెండ్రుక మందములో పదివేలవ వంతు కూడ ఉండదు; అయినను మిక్కిలి గట్టిది, లోపలి లోహమును అదియే కాపాడును. గీత పడినను మరల వెంటనే అల్లుకొనును. ఇనుముకు ఈ భాగ్యము లేదు. దాని తుప్పు పెచ్చులై రాలి క్రొత్త యినుమును బయటపెట్టును. కాని సత్తుపొరకు శత్రువు లున్నారు. గట్టి పులుపు ఒకటి, గట్టి క్షారము ఒకటి, అన్నిటికంటె చెడ్డది ఉప్పు. ఉప్పునీరు పొర బలహీనముగా నున్నచోట చొరబడి గుంట త్రవ్వును. గుంటలోపల గాలి యాడదు గనుక పొర మరల అల్లుకొనజాలదు. లోపలి నీరు పులిసి, గుంటను తానే ఇంకను లోతు చేయును. కరగిన లోహము తెల్లపొడియై పైకి వచ్చును. ఆ పొడి, కరగిపోయిన లోహముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. పైన రంగున్నచో పొడికి పోవుటకు దారి లేక రంగునే పైకెత్తును. అదియే పొక్కు. కాబట్టి పొక్కు రంగుకు వచ్చిన జబ్బు కాదు. రంగు పైకి చెప్పుచున్నది, అంతే. మావారు బుడ్డిరంగు పూసినప్పుడు లోపలి ఉప్పును కడుగక దానిమీదనే మూత పెట్టిరి. అది చీమును తీయక పుండుమీద పట్టీ వేసినట్లాయెను.

మఱి కప్పు నడుమ నంతయు నున్నగా నుండి అంచుననే యేల పుట్టినది? పనివాడు చెప్పిన కారణములు నాకు మిక్కిలి నచ్చినవి. రంగు జల్లినప్పుడు పదునైన అంచులమీద అది పలుచబడును. అట్ల అంచున నూనె నిలువనట్లే. రబ్బరు పట్టీకిని కప్పుకును నడుమ నున్న సందులో నీరు చేరి యెండక నిలుచును. నీరు మెల్లగా నాఱినను ఉప్పు అక్కడనే యుండి, మరల తేమ తగులగనే మేలుకొనును. ఇక ఉప్పు ఎక్కడిదందురా? సముద్రపు గాలిలో నున్నది. మేము కార్న్‌వాలు తీరమున ఇసుక దిబ్బల ప్రక్కనే బండిని నిలిపి వారములకొలది యుంటిమి. ఉదయమున అద్దములమీద ఉప్పు పేరియుండెడిది. మఱియు ఈ దేశమున చలికాలములో దారులమీద మంచు గడ్డకట్టకుండ రాతియుప్పు చల్లుదురు. చెషైరు మండలములో విన్స్‌ఫర్డు అనుచోట 1844లో త్రవ్వ నారంభించిన ఉప్పుగని నుండి నేటికిని ఆ యుప్పు వచ్చుచున్నది. ముందుపోవు బండ్ల చక్రములు ఆ ఉప్పునీటిని తుంపరలుగా లేపి మన బండి ముందంచున చల్లును. ఇంకొకటి: గుడ్డను బిగించు చువ్వలు కప్పు లోపల ఉక్కు మరలతో బిగింపబడినవి. ఉక్కును సత్తును తాకించి ఉప్పునీటితో తడిపినచో రెంటికి నడుమ విద్యుత్తు పారును. అందు క్షయించునది సత్తు. మరల చుట్టును పొక్కులు వలయముగా లేచుట అందువలననే.

ఉప్పు నెపము చెప్పి నా తప్పు దాచుకొనరాదు. నలుగురు నిద్రించిన రాత్రి ఒక్కొక్కరి యూపిరినుండి ఇంచుమించు ఒక గ్లాసెడు నీరు ఆవిరియై పోవును. అది చల్లని కప్పుకు లోపల చెమర్చి గుడ్డలోనికి దిగును. మేము తొందరపడి తడిగుడ్డనే మడిచి మూత దింపి యింటికి వచ్చి, పదిదినములవఱకు తెఱచువారము కాము. తడిబట్టలు మూటగట్టి పెట్టెలో పెట్టకూడదని యెఱిగిన దానను, బండి విషయమున ఆ బుద్ధి నాకేల పుట్టలేదో!

బండి చేసిన కంపెనీవారికి జాబు వ్రాసితిమి. వారి సమాధానము చల్లగా వచ్చినది. రంగుకు హామీ మూడేండ్లట, అది గడచిపోయినదట. రేకు తుప్పుపట్టి లోపలనుండి బయటికి చిల్లి పడినచో వేఱొక దీర్ఘకాలపు హామీ కలదట. కాని మా జబ్బు బయటినుండి లోపలికి పోవుచున్నది గనుక అది వర్తింపదట. ఆ పత్రమును కొన్ననాడు నేను చదివియుంటినేని ఇప్పుడు ఇంత కోపము రాకుండెడిది.

పనివాడు చెప్పిన వెల మాకు రెండునెలల యింటిఖర్చు. మావారు ఆ రాత్రి లెక్కలు వ్రాసికొని వ్రాసికొని, చివరకు “అమ్మివేయుదము” అనిరి. అడుగువారును సిద్ధముగా నుండిరి. గుంటూరునుండి క్రొత్తగా వచ్చిన చిన్నదంపతులు, చంటిపిల్లతో. ఒకనాడు మా బండిలో టీ త్రాగినది మొదలు ఆ అమ్మాయి దానిమీద మనసు పెట్టుకొన్నది.

“పైపైన మరల రంగు వేయించినచో వేసవి యంతయు కనబడదు. ప్రైవేటుగా అమ్మువాడు అడుగని దోషము చెప్పనక్కరలేదని ఈ దేశపు చట్టము” అనిరి మావారు.

“అడుగకున్న చెప్పకపోవుట వేఱండీ, కప్పిపెట్టుట వేఱు. కారు గిన్నెకు మైనము పూసి మన అమ్మాయి పెండ్లిలో సారె పెట్టుదుమా?” అంటిని.

“నీ పోలికలకేమి! రేపు పిల్లల ఫీజులు గిన్నెలతో కట్టుము” అని మావారు విసుగుకొని అటు తిరిగి పడుకొనిరి.

రెండుదినములు మా యింట మాటలు తక్కువగా నడచినవి. నాకును ధైర్యము లేదు. సొమ్ము నాదికాదు, సంపాదన వారిది. మావారి పక్షమునను న్యాయము కొంత లేకపోలేదు: మాకు అమ్మినవాడును మాకేమియు చెప్పియుండలేదు. మూడవనాడు ఆ దంపతులు రానే వచ్చిరి. మావారు కప్పు లేపి, పడక చూపి, పొయ్యి చూపిరి. ఆ అమ్మాయి చంటిబిడ్డను మేడమీది పరుపుపై కూర్చుండబెట్టి చప్పట్లు కొట్టుచున్నది. అంతలో మావారు తామే ముక్కాలిపీట తెచ్చి, ఆ అబ్బాయిని దానిమీద నెక్కించి, “ఇక్కడ చేయిపెట్టి చూడుము బాబూ” అనిరి. నేను వంటింటిలోనికి పోయి టీ పెట్టితిని. వారు కొనలేదు. మావారు నాతో ఏమియు అనలేదు. నేనును ఏమియు అడుగలేదు.

బండిని మే నెలలో బాగుచేయించితిమి. ఆ పని నేను దగ్గఱనుండి చూచితిని గనుక, ఇట్టి బండ్లు గల సోదరీమణుల కొఱకు వివరముగా వ్రాయుచున్నాను. మొదట రబ్బరు పట్టీని ఊడదీసిరి. దాని క్రింద కంటికి కనబడని పొక్కులు మఱి యిరువది యుండెను. పట్టీ తీయక చేయు మరమ్మతు సగము మరమ్మతే. పొక్కు ఉన్నంతమేర గాక, చుట్టును రెండువ్రేళ్ళ వెడల్పున మంచి రేకు మెఱయునంతవఱకు రంగును గరుకుకాగితముతో తీసివేసిరి. గుంటల అడుగున తెల్లపొడి రవ్వయైన మిగులకూడదు. ఇందు ఇనుప తీగల కుంచెను వాడరాదు. ఇనుప రవ్వలు సత్తులో గ్రుచ్చుకొని అక్కడ క్రొత్త గుంటలకు విత్తనములగును. ఆ గరుకుకాగితముమీది పలుకులు కూడ అల్యూమినియమునకు గాలి తగిలిన వచ్చు పదార్థమేనట. తన యెముకతోనే తనను గీకుట వింతగా లేదా? పిదప మంచినీటితో కడిగి, పూర్తిగా ఆఱబెట్టి, జిడ్డు తుడిచి, ఆలస్యము చేయక ఎపాక్సీ అను అడుగుపూత వేసిరి. సత్తుకు పూర్వము క్రోమియపు లవణముల పూతలు వాడెడివారు. బాగుగా పట్టునవే గాని అవి కాన్సరును కలిగించునని యూరోపులో కట్టడి చేసిరి. పాతబండి రంగును ఇంట గీకువారు ముక్కుకు నోటికి తగిన మాస్కు లేక ఆ పనికి దిగరాదు, పిల్లలను దగ్గఱకు రానీయరాదు. అడుగుపూతపై గుంటలు పూడ్చి, నునుపు చేసి, రంగును, మెఱుగుపూతను వేసిరి. మరల క్రింద నైలాను బిళ్ళలు పెట్టి, లోహములు ఒకదాని నొకటి తాకకుండ ఒక విధమైన మైనపు ముద్ద పూసి బిగించిరి. రబ్బరు పట్టీ క్రొత్తది. రేకులో ఒక్కచోట గుంట లోతై, అవతలికి దిగుటకు గోరంత మిగిలియుండెను. ఇంకొక చలికాలము గడచినచో పూత కాదు, కప్పే మార్చవలసి వచ్చెడిదని పనివాడు చెప్పెను.

ఇప్పుడు సముద్రమునుండి వచ్చిన మఱునాడే కప్పు లేపి మంచినీటితో అంచులను, పట్టీ సందును కడుగుదును. గొట్టపునీటిని మితిమీరిన ఒత్తిడితో కొట్టరాదు. అది నీటిని సందులలోనికే తరుమును. తడిగుడ్డ మీద మూత దింపవలసివచ్చిన యెడల ఇంటికి చేరిన వెంటనే మరల తెఱచి, ఆఱువఱకు మూయము. బట్టలారవేయు దినమే గుడ్డ నాఱవేయు దినము. చలికాలములో ఉప్పు చల్లిన దారిన పోయివచ్చినప్పుడు మావారే బకెట్టు పట్టుకొని బయటికి పోవుచున్నారు. నేను చెప్పలేదు.

గడచిన వారము ఆ గుంటూరు అమ్మాయి ఫోను చేసినది. “అక్కయ్యగారూ, ఇంకొక బండి చూచితిమి. కప్పు ప్లాస్టికుదట, తుప్పు భయమే లేదందురు. నిజమేనా?” అని యడిగినది. గాజునార కప్పునకు తెల్లపొడి పట్టదు, నిజమే. కాని దాని మెఱుగుపొర క్రింద తేమ చేరినచో అదియును పొక్కును, ఎండకు బీటలును వేయును. కీళ్ళును చట్రమును లోహమువే. పైగా క్రొత్తగా లేచుకప్పు అమర్చుటకు బండి యుక్కుకప్పును కోసినచో, ఆ కోసిన అంచునకు పూత సరిగా వేయనియెడల అక్కడ ఎఱ్ఱని తుప్పు పుట్టును. లోపలి లైనింగు గుడ్డమీద గోధుమరంగు చారలు కనబడిన దాని గుర్తు. ఇవన్నియు చెప్పి, రంగు క్రొత్తగా మెఱయుచు తక్కిన బండితో వన్నె కలియనిచోట మఱింత జాగ్రత్తగా చూడుమంటిని.

“ఎత్తున నున్నది గదండీ, ఎట్లు చూచెదను?” అన్నది.

మా ముక్కాలిపీట తీసికొని పొమ్మంటిని.